పాత ఫొటోలు – ఉస్మానియా తొలి కట్టడాలు – మన బాధ్యత



పాత ఫొటోల గురించి నాలుగు మాటలు చెప్పమని మన కార్యవర్గం వారు నన్ను ఆదేశించారు. మనది అనంతగిరి ప్రాంతం. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడే వరకు నల్లగొండ జిల్లాలో ఉన్నాం. 1948 వరకు నిజాం పాలనలో ఉన్నాం. ఆ రోజుల్లో మన వైపు పిల్లవాడు డిగ్రీ చదవాలంటే అందరికీ ముందు తోచేది హైదరాబాదే. అందుకే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఫొటోలను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఉస్మానియా అనగానే మన కళ్ళ ముందు నిలిచేది ఆర్ట్స్ కాలేజీ భవనం. క్యాలెండర్లలో, పుస్తకాల అట్టల మీద అదే బొమ్మ. ఆ భవనం ప్రారంభమైంది 1939 డిసెంబరు 4న. విశ్వవిద్యాలయం పుట్టింది మాత్రం 1918లో. మరి మధ్యలో ఇరవై ఏళ్ళు చదువులు ఎక్కడ సాగాయి? 1919లో బషీర్‌బాగ్ వైపు నిజాం కాలేజీ పక్కనున్న భవనంలో మొదలయ్యాయి. అప్పుడు విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. బోధన ఉర్దూలో. స్థలం ఎంపిక కోసం పాట్రిక్ గెడ్డెస్ అనే నగర నిర్మాణ నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన 1923లో నివేదిక ఇచ్చాడు. కైరో దగ్గర హీలియోపొలిస్‌లో పెద్ద హోటలు కట్టిన బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ నమూనా గీశాడు. 1934 జులైలో శంకుస్థాపన జరిగింది.

కోటలాంటి భవనానికి వందల ఫొటోలున్నాయి. ముందటి ఆ మామూలు గదులను ఫొటో తీయించాలని ఎంతమందికి తోచి ఉంటుంది? అందుకే తొలి తరం విద్యార్థుల ఇళ్ళల్లోని గ్రూపు ఫొటోలకు అంత విలువ.

పాత ఫొటో చేతికొస్తే కాలం తెలుసుకోవడానికి కొన్ని ఆనవాళ్ళున్నాయి. ఆర్ట్స్ కాలేజీ చుట్టూ కొయ్యల సారువ కనిపిస్తే అది 1934కీ 1939కీ మధ్యది. ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1905లోనే కన్నుమూశారు. కనుక ఈ భవనం ఫొటోను ఎవరైనా "ఆయన స్వయంగా తీసింది" అంటే నమ్మనక్కరలేదు. షేర్వానీలు, రూమీ టోపీలు, ఉర్దూ బోర్డులు కూడా కాలం చెప్పే సాక్షులే.

అయితే ఫొటో చెప్పనివి కూడా ఉంటాయి. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను హాస్టళ్ళ నుంచి, కాలేజీల నుంచి వెళ్ళగొట్టారు. చాలామంది నాగపూరు వెళ్ళి చదువు పూర్తి చేశారు. వారిలో తరువాత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారొకరు. 1938 నాటి గ్రూపు ఫొటోలో ఉన్న పిల్లవాడు మరుసటి ఏటి ఫొటోలో ఎందుకు లేడో ఆ కాగితం చెప్పదు. వెనుక ఒక్క ముక్క రాసి ఉంటే తెలుస్తుంది.

మనమంతా ఆఫీసుల్లో పని చేసిన వాళ్ళం. తేదీ, సంతకం లేని కాగితం ఫైల్లో ఉన్నా లేనట్టేనని మనకు ఒకరు చెప్పాలా? మన ఇళ్ళల్లో ఇనుప పెట్టెల అడుగున ఉన్న ఫొటోలు ఇప్పుడు అలాగే ఉన్నాయి. వరుసలో మూడోవాడు ఎవరో ఇంట్లో ఒక్క పెద్దమనిషికే తెలుసు. ఆ పెద్దమనిషి వెళ్ళిపోతే ఆ మూడోవాడు కూడా రెండోసారి పోయినట్టే.

నల్లగొండలో నాగార్జున కళాశాల 1956లో వచ్చింది. మన అనంతగిరిలోనే ఇంజనీరింగు కాలేజీ వెలిసింది. చేలు, రాళ్ళు ఉన్నచోట తరగతి గదులు లేవడం చూసిన కళ్ళు మనవి. నాటి ఫొటో ఎవరింట్లో ఉన్నా అది ఈ ఊరి చరిత్ర.

నా మనవి ఇది. ఈ వారమే ఫొటోలు బయటకు తీయండి. వెనుక మెత్తటి పెన్సిలుతో పేర్లు, ఊరు, ఏడు రాయండి. బాల్‌పెన్ను వాడితే గీత ముందువైపుకు నొక్కుకుంటుంది. ఏడు గుర్తు లేకపోతే "సుమారు" అని రాయండి, తప్పులేదు. ఎండ, తేమ తగలనీయకండి. జిగురు పేజీల ఆల్బంలో అంటించకండి, లామినేషన్ చేయించకండి. మనవళ్ళ చేత సెల్‌ఫోనులో రెండు వైపులా కాపీ తీయించండి. ఆ పని మీద వాళ్ళు పక్కన కూర్చుంటే కథ కూడా వింటారు.

మనం బతికి ఉన్నామని ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఆ ఫొటోల్లోని వాళ్ళు ఒకప్పుడు బతికారని సర్టిఫికెట్ ఇవ్వవలసింది కూడా మనమే. దానికి గెజిటెడ్ సంతకం అక్కరలేదు, మన చేతిరాత చాలు.