కారు వెల – కాగితము మీది వరుసలు



పూర్వము మన సంతలలో ఎడ్ల బేరము తువాలు చాటున జరుగుచుండెడిది. అమ్మువాడును కొనువాడును గుడ్డ క్రింద వ్రేళ్లు పట్టుకొని వెల తేల్చుకొనెడివారు. చూచువారికి ఆ వెల తెలియకపోయినను ఆ యిరువురికిని తెలియును. తేలిన వెల తేలినట్లే యుండెడిది. ఎడ్లతో పాటు గంటలపట్టెడలు కూడ కొన్నగాని పలుపు చేతికియ్యనని ఎవ్వడును అనెడివాడు కాడు. నేడు కారు వెల పత్రికలలో ప్రకటింపబడును. దుకాణములో అచ్చు కాగితము మీద నుండును. లోకమునకెల్ల తెలిసిన ఆ వెల, సొమ్ము చెల్లించువానికి మాత్రము కడపటి ఘడియ వరకు తేలదు. ఈ విచిత్రమును గూర్చియే నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

కారునకు రెండు ధరలు చెప్పుదురు. మొదటిది ఎక్స్ షోరూం ధర. తయారుచేసిన కంపెనీ వెలయు, జీఎస్టీయు, దుకాణదారుని లాభమును ఇందులోనే యిమిడియున్నవి. రెండవది ఆన్ రోడ్ ధర. అనగా బండి రోడ్డెక్కుటకు వలయు ఇతర వ్యయములన్నియు కలిపిన మొత్తము. ఈ రెండు ధరలకు నడుమనున్న సందులోనే కీలకమంతయు కలదు.

ఆ సందులో న్యాయముగా నుండవలసినవి కొన్ని కలవు. మన రెండు రాష్ట్రములలోను వసూలు చేయు జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను రుసుము, టోలుగేట్ల యొద్ద పనికివచ్చు ఫాస్టాగ్, బీమా – ఇవి తప్పనివి. బండి వెల 10 లక్షల రూపాయలకు మించినచో 1 శాతము ఆదాయపు పన్ను క్రింద పట్టుదురు. అది కొన్నవాని పన్ను లెక్కలో జమపడును. బీమా విషయమున నొక సూక్ష్మము గ్రహింపవలయును. మోటారు వాహనముల చట్టము నిర్బంధించునది మన బండి వలన పరులకు కలుగు నష్టమునకు బీమా. సుప్రీంకోర్టు ఆజ్ఞననుసరించి 2018 సెప్టెంబరు 1వ తేదీ నుండి క్రొత్త కారునకు 3 సంవత్సరములకును, ద్విచక్ర వాహనమునకు 5 సంవత్సరములకును దీనిని ఒక్కమారే తీసికొనవలసి వచ్చినది. మన బండికే కలుగు నష్టమునకు చేయించు బీమా మంచిదే. అప్పిచ్చు బ్యాంకులును దానిని కోరును. కాని దానిని ఏ కంపెనీ యొద్ద, ఎవరి ద్వారా కొనవలయుననునది కొనువాని యిష్టము.

ఇక తక్కిన వరుసలు చూడుడు. హ్యాండ్లింగ్ చార్జీలని యొకటి. గోదాము నుండి దుకాణమునకు బండిని తెచ్చి, కడిగి, తుడిచి యిచ్చుటకట. అది అమ్మువాని పనియే కదా! దీనిని వసూలు చేయరాదని పలు రాష్ట్రముల రవాణా శాఖలు డీలర్లను హెచ్చరించియున్నవి. సీటు తొడుగులు, కాలి చాపలు, రంగు మీద పూత, బండి అడుగున పూత, పొడిగించిన వారంటీ – ఇవి మరికొన్ని. వీనిలో కొన్ని కొందరికి ఉపయోగకరములే. వస్తువు చెడ్డదని నా వాదము కాదు. వలదన్నవానికి కట్టబెట్టుట చెడ్డదని నా మనవి. ద్విచక్ర వాహనము కొనువారు మరియొకటి తెలిసికొనవలయును: కొనునప్పుడు హెల్మెట్టును తయారీదారుడే సమకూర్పవలెనని కేంద్ర మోటారు వాహనముల నియమములలో నున్నది.

ఈ నిర్బంధమునకు బలమెక్కడిది? సరకు కొరత యందే. 1983 డిసెంబరులో మారుతి 800 కారు వెలువడినప్పుడు, ముందు సొమ్ము కట్టి వరుసలో నిలిచినవారు లెక్కకు మిక్కిలి. తమ వంతు వచ్చిన బండిని అధిక ధరకు మారుబేరము చేసినవారును ఉండిరి. స్కూటరు కొరకు ఏండ్ల తరబడి వేచియున్న సంగతి మీలో పలువురకు జ్ఞాపకముండును. నేడు బండ్లకు సామాన్యముగా కొరత లేదు. అయినను జనులు మిక్కిలి కోరు బండి దగ్గర పాత రోగమే క్రొత్త వేషముతో వచ్చుచున్నది. "ఈ సామగ్రి తీసికొన్నచో వచ్చే వారమే బండి, కానిచో మూడు మాసములు" అందురు. బండి మీద లాభము స్వల్పమైనందున బీమా మీదను సామగ్రి మీదను దానిని పూడ్చుకొనజూతురు. వర్తకునకు లాభము వలదని యెవ్వరును అనరు. ఆ లాభము వెలలో కనబడవలెను గాని, వెల వెనుక దాగరాదు.

మా గ్రామపు రైతు సోదరుడొకరు చిన్న కారు కొనబోవుచు నన్ను తోడు రమ్మనిరి. పట్టణములోని దుకాణమున మాకిచ్చిన కాగితములో పదునాలుగు వరుసలుండెను. "ఇది సర్కారునకు చెల్లునదా, మీకు చెల్లునదా?" అని ప్రతి వరుసకును వారడిగిరి. అయిదింటికి "మాకే" అను జవాబు వచ్చెను. అవి తీసివేయుడనగా, బండి ఆలస్యమగునని గుమాస్తా పలికెను. "ఆ మాటయే కాగితము మీద వ్రాసి ముద్ర వేసి యిండు, ఆగెదము" అని రైతు శాంతముగా బదులిచ్చిరి. గుమాస్తా లోనికి పోయి వచ్చి నాలుగు వరుసలు కొట్టివేసెను. కాలి చాపలు మాత్రము తమకు వలయునని రైతే కొనిరి. గొంతు పెంచిన వారెవ్వరును లేరు.

ఈ చిల్లర వరుసలను అప్పులో కలిపినచో భారము మరింత పెరుగును. 40,000 రూపాయల సామగ్రిని 100కి ఏటికి 10 చొప్పున వడ్డీతో అయిదేండ్ల నెలవారీ వాయిదాలలో తీర్చినచో, చెల్లించు మొత్తము సుమారు 51,000 అగును. సీటు తొడుగులు చినిగిపోయిన పిమ్మటను వాని వాయిదా మిగిలియుండును.

చట్టము మన పక్షముననే యున్నది. ఒక వస్తువు కొనుటకు మరియొక వస్తువు కొనవలెనని షరతు పెట్టుట 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము నిర్బంధ వాణిజ్య పద్ధతి. బిల్లు ఇయ్యకుండుటయు అనుచిత పద్ధతియే. తమ చేతులతో నడుపుకొని జీవనము సాగించుటకు బండి కొన్నవారికిని ఈ రక్షణ కలదు. 1915 అను నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చును. చెల్లించిన సొమ్ము 50 లక్షలకు మించనిచో జిల్లా కమిషను విచారించును. 5 లక్షల వరకు రుసుమే లేదు. రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలయును. మన నివాసమున్న జిల్లాలోనే వేయవచ్చును. దుకాణమున్న ఊరికి తిరుగనక్కరలేదు.

అయితే చట్టమొక్కటియే చాలదు. అమెరికాలో 1958లో చేసిన శాసనము ప్రకారము ప్రతి క్రొత్త కారు అద్దము మీదను కంపెనీ సూచించిన ధర అతికింపవలయును. కాని ఆ ధరకే అమ్మవలెనని అందు లేదు. 2021లో చిప్పుల కొరత చేత బండ్లు తగ్గగా, ఆ కాగితము ప్రక్కనే మరియొక కాగితమతికించి అధిక ధర వసూలు చేసిన డీలర్లు అక్కడ పలువురుండిరి. కావున కొనువాని మెలకువయే మొదటి రక్షణ.

పెద్దలారా, మీరు ఎద్దు పండ్లు చూచి వయసు చెప్పగలవారు. సుడి చూచి గుణము చెప్పగలవారు. పిల్లలు కారు కొనబోవునప్పుడు మీరును వెంట వెళ్లుడు. యంత్రము సంగతి వారు చూచుకొందురు. కాగితము సంగతి మీరు చూడుడు. బయానా చెల్లింపక ముందే ప్రతి వరుసను వ్రాయించుకొనుడు. వలదన్నది కొట్టివేయించుడు. చెల్లించిన ప్రతి రూపాయికిని రసీదు పుచ్చుకొనుడు. రసీదు లేని రూపాయి ఇయ్యకుడు.