ప్లగ్గు పీకినా పోని ప్రమాదం



ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగా ఫైళ్లు మోసినవాణ్ణి. కంప్యూటరు శాస్త్రం నాకు రాదు. అయినా మా ఇంట్లో జరిగిన సంగతి అందరికీ చెప్పవలసిందేనని కార్యదర్శిగారు పట్టుబట్టారు.

నిరుడు ఒక సాయంత్రం పెన్షను స్లిప్పు చూసుకుందామని, మా అబ్బాయి వదిలివెళ్లిన పాత కంప్యూటరు ఆన్ చేశాను. పది నిమిషాలకు పెట్టెలో ఠప్పున శబ్దం, పొగ, ఘాటైన వాసన. గోడ స్విచ్చి కట్టేసి ప్లగ్గు పీకేశాను. అంతవరకు బాగానే ఉంది. మా కోడలు వీధి చివరి ఎలక్ట్రీషియనుకు ఫోను చేసింది. అతనికి ఐదువందలు ఎందుకివ్వాలని నేను స్క్రూడ్రైవరు తీసి, లోపలి పవర్ సప్లై డబ్బా మూత కూడా ఊడదీశాను. పదేళ్ల మనవడు టార్చిలైటు పట్టుకొని, "తాతయ్యా, ఇవి ఉబ్బాయేమిటి?" అంటూ వేలు చాపాడు. అప్పుడే లోపలికొచ్చిన ఎలక్ట్రీషియను వాడి చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"ప్లగ్గు పీకేశాం కదా బాబూ!" అన్నాను.

"మోటారు కట్టేస్తే ట్యాంకులో నీళ్లు పోతాయాండీ?" అన్నాడతను.

ఆ గుండ్రటి బుడ్లను కెపాసిటర్లంటారు. మన 230 వోల్టుల కరెంటు ఆ డబ్బాలో సుమారు 325 వోల్టుల డీసీగా మారి, పెద్ద కెపాసిటరులో నిలవ ఉంటుంది. ప్లగ్గు తీశాక అది మెల్లగా దిగిపోవాలి. దింపే రెసిస్టరు చెడిపోతే చాలాసేపు అలాగే ఉండవచ్చు. కెపాసిటరులో రసాయన ద్రవంలో తడిపిన కాగితం ఉంటుంది. వేడికీ, వయసుకీ అది పాడై, వాయువు పుట్టి, పైభాగం ఉబ్బి పగులుతుంది. 2000 తరువాత కొన్నేళ్లపాటు నాసిరకం ద్రవంతో తయారైనవి చాలా దేశాలలో ఇలాగే ముందుగా పాడైపోయాయి.

కనుక మిత్రులారా, మాడిన వాసన వస్తే ముందు గోడ స్విచ్చి కట్టండి. నీళ్లు పోయకండి. పవర్ సప్లై డబ్బా మూత తీయకండి. మంటలు లేస్తే అందరినీ బయటికి పంపి 101కి ఫోను చేయండి. సెల్‌ఫోను, ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే చార్జింగు పెట్టకండి, గుచ్చకండి, నొక్కకండి, తెలిసినవారికి అప్పగించండి.

ఐదువందలు మిగుల్చుకోబోయి నేనేమి పోగొట్టుకోబోయానో తలచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు. మీ ఇళ్లలోనూ మనవలున్నారు. ఆ మాట చెప్పడానికే నిలబడ్డాను.

సెలవు.