లాంచీలో సీసా - మన పెద్దరికం

(దుమ్ముగూడెంలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలచుకుంటూ మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. పెన్షన్ అనేది సర్కారు దయతలచి ఇచ్చేది కాదు, చేసిన ఉద్యోగానికి దక్కిన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. హక్కుల గురించి నాకన్నా ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన అంశం వేరు. సంక్రాంతి వెళ్ళాక మన సంఘం పాపికొండల విహారయాత్ర పెట్టుకుంది. దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బస్సు టైము, భోజనాల సంగతి వారే చెబుతారు. నేను లాంచీలోకి సీసా తీసుకెళ్ళే విషయం మాట్లాడతాను. కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు. ఆ కొందరిలో నేనూ ఒకణ్ణే గనుక మన్నించాలని మనవి.

మన ఊరికి పడవ కొత్త కాదు. గోదావరి మీద మధ్య పరగణాల దాకా పడవలు నడపాలని కాటన్ దొర తలపెట్టిన పథకంలో మొదటి మజిలీ మన దుమ్ముగూడెమే. ఇక్కడి రాళ్ళ అడ్డును తప్పించడానికి ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. ఖర్చు పెరిగిపోయిందని 1871లో ఆ పథకాన్ని మానేశారు. ఆనకట్ట మాత్రం మిగిలింది. నీటిపారుదల శాఖలో 33 ఏళ్ళు చేసిన నేను ఎక్కువ కాలం ఆ ఆనకట్ట నీడనే గడిపాను.

1986 ఆగస్టు వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడాది నీరు 75.6 అడుగులకు వెళ్ళింది. మేము నాటు పడవల మీద ఊళ్ళకు బియ్యం, కిరసనాయిలు చేరవేస్తున్నాం. ఒక సాయంత్రం ఒక పెద్ద అధికారి వచ్చాడు. ఏ శాఖో చెప్పను. నోట్లోంచి వాసన వస్తోంది. పడవవాడు తెడ్డు అడ్డం పెట్టి, "తమరు ఒడ్డునే ఉండండి బాబూ, తాగినోణ్ణి నేను ఎక్కించుకోను" అన్నాడు. అధికారి కేకలు వేశాడు, ఉద్యోగం ఊడగొడతానన్నాడు. పడవవాడికి ఊడటానికి ఉద్యోగం ఎక్కడిది! ఆయన ఒడ్డున కూర్చున్నాడు, మేము వెళ్ళి వచ్చాం. ఆనాడు అందరం చాటుగా నవ్వుకున్నాం. ఆ పడవవాడు చేసిన పని ఎంత గొప్పదో నాకు ఈ మధ్యనే అర్థమైంది.

ఇక దేశాలు దాటిన సంగతికి వస్తాను. మన పిల్లలు అమెరికాలో ఉన్నారు, వెళ్ళినప్పుడు మనల్ని పెద్ద ఓడల మీద తిప్పుతున్నారు. 2022 జూన్‌లో మన విశాఖపట్నం నుంచి కూడా ఎంప్రెస్ అనే ఓడ పుదుచ్చేరి, చెన్నై వైపు యాత్రికులతో వెళ్ళింది. కాబట్టి ఈ ఓడల నిబంధనలు మనకూ తెలియాలి. అమెరికా రేవుల నుంచి బయలుదేరే కార్నివాల్, రాయల్ కరీబియన్ వంటి కంపెనీల పద్ధతి స్థూలంగా ఇలా ఉంటుంది. ఓడ ఎక్కే రోజున 21 ఏళ్ళు నిండిన ఒక్కొక్కరు 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి, అదీ మూత తీయనిది, చేతిసంచిలో తెచ్చుకోవచ్చు. విస్కీ, బ్రాందీ, బీరు బయటి నుంచి తేకూడదు. దారిలో ఏ రేవులోనో, ఓడలోని దుకాణంలోనో సీసా కొంటే, దాన్ని వాళ్ళే దాచి చివరి రోజున ఇస్తారు. సూట్‌కేసులను విమానాశ్రయంలో లాగానే ఎక్స్‌రే యంత్రంలో పెట్టి చూస్తారు. ఈ లెక్కలు కంపెనీని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి. టికెట్టుతో వచ్చే కాగితాలు చదువుకోవటం మన పని.

ఇందులో వ్యాపారం లేదా అంటే ఉంది. టికెట్టు ధర తగ్గించి, లోపల అమ్మే మద్యం మీద రాబట్టుకుంటారు. కానీ సగం కారణం అదైతే మిగతా సగం భద్రత. బారులో పోసేవాడికి ఎవరు ఎంత తాగారో తెలుస్తుంది, ఇక చాలు అనగలడు. గదిలో తలుపు వేసుకుని తాగేవాణ్ణి ఎవరు చూస్తారు? ఆ గది బాల్కనీ కింద సముద్రం ఉంది. ఓడ నడిపే సిబ్బందికైతే నిబంధన ఇంకా గట్టిది. 2010లో మనీలాలో సవరించిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారం వారి రక్తంలో మద్యం 0.05 శాతం మించకూడదు. మన రోడ్ల మీద బండి నడిపేవారికి మోటారు వాహనాల చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం.

ఇదంతా నాకు పుస్తకాలు చదివి తెలియలేదు, పరువు పోయి తెలిసింది. అమెరికా వెళ్తూ విమానాశ్రయంలో అల్లుడుగారి కోసం ఒక బ్రాందీ సీసా కొన్నాను. ఆయన ముట్టరని అక్కడికి వెళ్ళాక తెలిసింది. వృథా ఎందుకని, మా ఆవిడ వేడినీళ్ళ ఫ్లాస్కులో కొంత పోసి సూట్‌కేసులో పెట్టాను. ఓడ ఎక్కాక అందరి సామానూ గదులకు వచ్చింది, మాది రాలేదు. కింది అంతస్తుకు రమ్మని కబురు వచ్చింది. అక్కడ ఒక యువతి ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి, ఇదేమిటని మర్యాదగానే అడిగింది. నేను "దగ్గుమందు" అన్నాను. పక్కనే అల్లుడుగారు తల దించుకున్నారు. ఆ అమ్మాయి దాన్ని పారబోసి, ఫ్లాస్కు కడిగి ఇచ్చింది. మా మనవడు, "తాతా, కాగితం మీద రాసి ఉందిగా, నువ్వు చదవలేదా?" అన్నాడు. 33 ఏళ్ళు కింది ఉద్యోగులను "సర్క్యులర్ చదవలేదా?" అని గదమాయించినవాణ్ణి నేను. ఆ రోజు నాకు జవాబు దొరకలేదు.

మిత్రులారా, ఆ తరవాతైనా బుద్ధి వచ్చిందా అంటే పూర్తిగా రాలేదు. కిందటి కార్తీకంలో మనవాళ్ళం కొందరం పోచవరం రేవు నుంచి పాపికొండలు వెళ్ళాం. జాబితా నా చేతిలో ఉంది, అంటే బాధ్యత నాది. మద్యం తేకూడదు, తాగి ఎక్కకూడదు అని రేవులోనే చెప్పారు. మనలో ఇద్దరు కూల్‌డ్రింకు సీసాల్లో కలిపి తెచ్చారు. నేను చూశాను. చూసి, పోనీలే పెద్దవాళ్ళు అని ముఖం తిప్పుకున్నాను. పేరంటాలపల్లిలో గుడి చూసుకుని తిరిగి వస్తుండగా, వారిలో ఒకాయన లైఫ్ జాకెట్ తీసేసి పక్కన పెట్టి, ఫోటో కోసమని అంచుకు వెళ్ళి నిలబడ్డాడు. లాంచీ మలుపు తిరిగింది. ఆయన కాలు జారింది. పక్కనున్న పనికుర్రాడు చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగాడు. చొక్కా చిరిగింది, మనిషి మిగిలాడు. ఆయన భార్య అక్కడే కూర్చుని బఠాణీలు వలుస్తోంది. ఆమె చేతిలో గిన్నె కింద పడిన చప్పుడు నాకు ఇంకా వినిపిస్తోంది.

రేవులో దిగాక సరంగును పక్కకు పిలిచి, "నువ్వెందుకు ఆపలేదయ్యా?" అని అడిగాను. పాతికేళ్ళుంటాయి, కోయ కుర్రాడు. "మీరు పెద్దోళ్ళు సార్. మా ఊరి పంతులుగారు కూడా మీలో ఉన్నారు. నేనెట్టా చెప్పేది?" అన్నాడు.

నా ప్రసంగమంతా ఈ ఒక్క జవాబు గురించే. నిబంధన ఉంది. అందరికీ తెలుసు. కానీ దాన్ని అమలు చేయవలసినవాడి నోరు మన పెద్దరికం మూసేసింది. 1986లో పడవవాడు అధికారిని ఒడ్డున కూర్చోబెట్టాడు. ఓడలో ఆ యువతి నా ఫ్లాస్కు పారబోసింది. మన లాంచీలో ఆ కుర్రాడు మన మీది గౌరవంతో మాట మింగాడు. ఆ గౌరవం ఒక ప్రాణం తీసి ఉండేది.

గోదావరి ఎవరికీ మొహమాటపడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. 77 మందిలో 26 మందే బతికి బయటపడ్డారు. నది దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరదలో ఉన్న రోజది. వరంగల్లు దగ్గర కడిపికొండ నుంచి వచ్చిన బృందంలోనూ చాలామంది పోయారు. ఆ ప్రమాదానికీ మద్యానికీ ముడిపెట్టటం నా ఉద్దేశం కాదు. మనం ఎక్కే నీళ్ళు అవే అని గుర్తు చేస్తున్నాను. అలాంటి క్షణం వస్తే బతికించేవి మూడు: ఒంటి మీది జాకెట్టు, తెలివిలో ఉన్న బుర్ర, సరంగు మాటను వినే చెవి. మద్యం ఈ మూడింటినీ చెడగొడుతుంది.

మన యాత్రకు ఇంకో చిక్కు ఉంది. 2014లో భద్రాచలం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మన దుమ్ముగూడెం తెలంగాణలో ఉంది. భద్రాచలం దాటాక మన బస్సు వేరే రాష్ట్రంలో ఉంటుంది, పోచవరం అక్కడిదే. ఇక్కడి దుకాణంలో కొన్న సీసా అక్కడ పరాయి రాష్ట్రపు సరుకు. 2020లో అక్కడి హైకోర్టు మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని చెప్పింది. ఆ తరవాత అదే ఏడాది ప్రభుత్వం పర్మిట్ ఉండాలని నిబంధన మార్చింది. 1995లో మన రాష్ట్రంలో సంపూర్ణ మద్య నిషేధం పెట్టినప్పుడు ఇదే గోదావరి ఒడ్డున యానాంలో మాత్రం నిషేధం లేదు. నీరు ఒకటే, చట్టాలు రెండు. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి, రిటైరైన ఉద్యోగుల సంచులు వెతికితే ఆ సిగ్గు సంఘం అంతటిదీ.

మనం దిగే ఊళ్ళు గిరిజన గ్రామాలని కూడా మరవరాదు. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల నియంత్రణ అధికారంలో గ్రామసభకు పాత్ర ఇచ్చింది. జీలుగు కల్లు, ఇప్పసారా అక్కడివారి పండుగల్లో, కొలుపుల్లో ఉంటాయి. అది వాళ్ళ ఇంటి విషయం. మనం వెళ్ళి వాళ్ళ రేవులో గాజు సీసాలు పగలగొట్టి రావటం వేరు. ఆ ఇసుకలో వాళ్ళ పిల్లలు చెప్పుల్లేకుండా నడుస్తారు.

ఇక మన వయసు సంగతి. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటిపాలు తగ్గుతుంది. నలభై ఏళ్ళప్పుడు తట్టుకున్న కొలతే డెబ్భైలో ఎక్కువవుతుంది. ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవారు ఖాళీ కడుపున తాగితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. పక్కవాళ్ళు మత్తు అనుకుని వదిలేస్తారు. బీపీ మాత్రలు వేసుకునేవారికి లేచి నిలబడగానే తల తిరగవచ్చు. నిద్రమాత్రలకు మద్యం తోడైతే మరీ ప్రమాదం. ఇంకొకటి, చాలా ప్రమాద బీమా పాలసీల్లో మత్తులో జరిగిన ప్రమాదానికి పరిహారం ఉండదని షరతు ఉంటుంది. ఇంటికి వెళ్ళి మీ పాలసీ వెనక పేజీ ఒకసారి చదవండి. పోయేవాడు పోతాడు, కాగితాలు పట్టుకుని తిరిగేది ఇల్లాలు.

నేను తాగొద్దని నీతులు చెప్పటానికి రాలేదు. ఆ అర్హత నా ఫ్లాస్కుతో పాటే పోయింది. ఎవరింట్లో వారి ఇష్టం. నీటి మీద మాత్రం వద్దంటున్నాను. ఈ సభ ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను.

1. బస్సు ఎక్కే ముందే సంచుల్లో సీసాలు లేవని ఎవరికి వారు చెప్పాలి. కూల్‌డ్రింకులు సంఘమే కొని ఇస్తుంది, బయటివి వద్దు.

2. తాగి వచ్చినవారు ఎవరైనా, మాజీ అధ్యక్షుడైనా, ఒడ్డునే ఉండాలి. తోడుగా ఒకరు ఉంటారు, భోజనం పంపుతాం. టికెట్టు డబ్బు తిరిగి ఇవ్వం.

3. లాంచీ దిగేదాకా లైఫ్ జాకెట్ తీయరాదు. పేరు, వయసు, వాడే మందులు, ఇంటి ఫోన్ నంబరు ఉన్న జాబితా ఒకటి లాంచీలో, ఒకటి ఒడ్డున ఉండాలి.

4. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. లాంచీ కదిలే ముందు మన అధ్యక్షులవారే సరంగు దగ్గరికి వెళ్ళి, అందరూ వినేలా, "బాబూ, ఈ రోజుకు మాకు నువ్వే ఆఫీసరువు. నువ్వు కూర్చోమంటే కూర్చుంటాం, దిగమంటే దిగుతాం" అని చెప్పాలి.

ఆ నాలుగో మాట చెప్పటానికి మనకు నామోషీ ఉండకూడదు. సర్వీసులో ఉన్నంతకాలం మనం నిబంధనలు పాటించమని జనానికి చెప్పాం. ఇప్పుడు మనవాళ్ళ ముందు, మనవళ్ళ ముందు పాటించి చూపే వంతు మనది.

కిందటిసారి కాలు జారిన మిత్రుడు ఈ సభలోనే ఉన్నారు. ఈ సంగతి చెప్పమని అనుమతి ఇచ్చింది ఆయనే. ఈసారి ఒడ్డున జాబితా పట్టుకునే పని నాకివ్వండి అని ముందుకు వచ్చిందీ ఆయనే. ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. చొక్కా పట్టి లాగిన కుర్రాడికి మన సంఘం తరఫున ఒక శాలువా కప్పుదామని కూడా కోరుతున్నాను. ప్రతిపాదనలకు సమ్మతించేవారు చేతులెత్తవలసిందిగా అధ్యక్షులవారు అడగాలని ప్రార్థన.