పుస్తకములోని భయము

ఏడాదికి పండ్రెండు పుస్తకములు చదువవలెనని గరివిడిలో నేనొక నియమము పెట్టుకొంటిని. అందు రెండు భయానకములు: 1897లో బ్రామ్ స్టోకరు వెలువరించిన ‘డ్రాకులా’, మన యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’. 1992లో వచ్చిన రామగోపాలవర్మగారి ‘రాత్రి’ చిత్రమును గూడ చూచితిని. చిత్రము చప్పుడుతో ఉలికించును. పుస్తకమున భయము పాఠకుని చేతిలోనిది, మూసినచో ఆగును.

‘తులసిదళం’ చేతబడి పాలైన చిన్నపిల్ల కథ. మనవైపు చేతబడిని చిల్లంగి యందురు. కథలో అది వినోదము. వీథిలో ఒంటరి ముసలమ్మపై ఆ నింద పడినచో ప్రాణాపాయము. బిడ్డకు జ్వరము వచ్చినచో వైద్యుని యొద్దకు పోవలెను గాని పొరుగింటి అవ్వను అనుమానింపరాదు. ఇట్టి కథలు చదువు పిల్లలకు పెద్దలు ఈ మాట చెప్పవలెను. పండ్రెండు పుస్తకములు ముగించుటకన్న ఒక్క అపోహను విడుచుట మేలు.