కానుపు తర్వాత ఒళ్లు, జుట్టు: భార్యాభర్తలకు నాలుగు మాటలు

(ఆరోగ్య కేంద్రంలో దంపతుల సమావేశం కోసం తయారు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం చూడటానికి చిన్నది. కానుపు అయిన ఆడవాళ్లు నర్సమ్మ దగ్గరకు వచ్చి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, గొంతు తగ్గించి అడిగే విషయం ఇది. "అమ్మా, పొట్ట మీద ఈ చారలు పోతాయా? దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది, ఎందుకని? తలంటుకున్న మర్నాడే జుట్టు జిడ్డెక్కి పోతోంది, ఏం రాసుకోమంటారు?" అని అడుగుతారు. ఇవి జ్వరమూ కావు, నొప్పీ కావు. అందుచేత డాక్టరుగారిని అడగటానికి మొహమాటం. ఆ మొహమాటంలోనే ఎవరో చెప్పిన సీసా కొంటారు, ఎవరో ఇచ్చిన క్రీము పూస్తారు. డబ్బు పోతుంది. ఒక్కోసారి ఉన్న చర్మం కూడా చెడుతుంది. కనుక ఈ సంగతి భార్యాభర్తలు ఇద్దరూ కలిసి వినటం మంచిది.

ముందుగా చారల సంగతి చూద్దాం. మన చర్మంలో పైపొర కింద ఇంకొక పొర ఉంది. అందులో సన్నని పోగులు నేతబట్టలో మాదిరి అల్లుకుని ఉంటాయి. గర్భం ఎదిగేకొద్దీ పొట్ట, రొమ్ములు, తొడలు త్వరగా సాగుతాయి. అదే సమయంలో గర్భిణి ఒంట్లో ఊరే హార్మోనుల వల్ల ఆ పోగుల పట్టు కూడా సడలుతుంది. బట్టను రెండు పక్కలా గట్టిగా లాగితే పోగులు జరిగినట్లే, లోపలి పొరలో పోగులు అక్కడక్కడ తెగుతాయి. అదే పైకి చారగా కనబడుతుంది. మొదట్లో ఎర్రగానో, ఊదాగానో, నల్లగానో ఉంటుంది. ఏడాది తిరిగేసరికి చాలామందిలో రంగు తగ్గి సన్నని తెల్లటి గీతగా మారుతుంది. పూర్తిగా మాత్రం మాసిపోదు.

తల్లికి చారలు వచ్చి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. చిన్న వయసులో గర్భం ధరించిన వారికి, కవల పిల్లలు ఉన్నవారికి, గర్భంలో బరువు బాగా పెరిగిన వారికి కూడా ఎక్కువగా వస్తాయి. "పొట్ట గోక్కుంటే చారలు పడతాయి" అని పెద్దవాళ్లు అంటూ ఉంటారు. అది నిజం కాదు. చర్మం సాగి పొడిబారటం వల్ల దురద పుడుతుంది. చారలు గోళ్ల వల్ల పడవు. అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. నెలలు నిండే రోజుల్లో అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెట్టి, రాత్రి నిద్ర పట్టకపోతే అది వేరు సంగతి. అది కాలేయానికి సంబంధించినది కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి.

మరి చారలకు ఏం రాయాలి? కొబ్బరినూనె రాయవచ్చు. నువ్వులనూనె, ఆముదం రాయవచ్చు. కలబంద గుజ్జు రాసి, పడకపోతే మానవచ్చు. వీటివల్ల చర్మం మెత్తబడుతుంది, దురద తగ్గుతుంది. అంతవరకే. ఇవి చారలు పడకుండా ఆపుతాయని గాని, పడిన చారలను చెరిపేస్తాయని గాని రుజువు కాలేదు. ఖరీదైన ఆలివ్ నూనె, కోకో వెన్న సంగతి కూడా అంతే. 2012లో కాక్రేన్ అనే అంతర్జాతీయ పరిశోధక బృందం అంతకు ముందు జరిగిన పరీక్షలన్నీ కూడదీసి చూసింది. పైపూతల వల్ల గర్భిణులకు చారలు రాకుండా ఉంటాయనటానికి గట్టి ఆధారం దొరకలేదు. కావున ఇంట్లో ఉన్న కొబ్బరినూనె చాలు. దానికోసం వందలు పోసి సీసాలు కొనవలసిన పని లేదు.

నడికట్టు సంగతి కూడా చెప్పాలి. నడుముకు ఆసరాగా ఉంటుందని వదులుగా కట్టుకుంటే ఫరవాలేదు. ఊపిరి ఆడనంత బిగించి కడితే బాధే గాని లాభం లేదు. చారలు మాత్రం దానివల్ల పోవు.

కొన్ని క్రీముల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. తెల్లబరుస్తుందని, మచ్చలు పోగొడుతుందని చీటీ లేకుండా మందుల షాపులో ఇచ్చే గొట్టాలలో కొన్నింట్లో బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్ మందులు ఉంటాయి. డాక్టరు చెప్పకుండా వాటిని నెలల తరబడి పూస్తే చర్మం పలచబడి కొత్త చారలు పడతాయి. చారలు పోవటానికి పూసిన మందే చారలు తెస్తుందన్నమాట! అలాగే మొటిమలకు, చారలకు వాడే రెటినాయిడ్ క్రీములు గర్భిణులు వాడకూడదు. గర్భం వచ్చిందేమోనని అనుమానం ఉన్నవారు కూడా వాడకూడదు.

ఇక జుట్టు ఊడటం గురించి. మన తలమీద ప్రతి వెంట్రుకా కొన్నేళ్లు పెరిగి, మూడు నెలలో ఎంతో విశ్రాంతి తీసుకుని, తర్వాత రాలిపోతుంది. ఆ చోటులోనే కొత్తది పుడుతుంది. మామూలుగా రోజుకు 50 నుంచి 100 వరకు రాలటం సహజమే. కడుపుతో ఉన్నప్పుడు హార్మోనుల వల్ల జుట్టు తక్కువగా రాలి జడ ఒత్తుగా కనిపిస్తుంది. కానుపు కాగానే, అలా నిలిచి ఉన్న వెంట్రుకలన్నీ ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయి. సుమారు మూడో నెలలో కలిసికట్టుగా రాలటం మొదలవుతుంది. బిడ్డకు ఏడాది నిండేసరికి చాలామందికి మళ్లీ మామూలు జుట్టు వస్తుంది. అంతవరకు కంగారు పడవలసింది లేదు. తడి జుట్టు గట్టిగా దువ్వకుండా, బిగించి ముడి వేయకుండా ఉంటే చాలు.

ఇక్కడే మన ఊళ్లలో ఒక పొరపాటు జరుగుతోంది. కానుపు అయిన వెంటనే కొందరు ఆపరేషన్ చేయించుకుంటారు. కొందరు 48 గంటల లోపల కాపర్-టి వేయించుకుంటారు. సరిగ్గా మూడో నెలలో జుట్టు ఊడటం మొదలవుతుంది. "చూశావా, ఆపరేషన్ వల్లే జుట్టంతా పోయింది, లూప్ వల్లే వేడి చేసింది" అని ఇరుగుపొరుగు అంటారు. ఆ మాట పది ఇళ్లకు పాకుతుంది. కాని ఏ ఆపరేషనూ లూపూ లేని బాలింతకు కూడా ఆ నెలలోనే ఊడుతుంది కదా! ట్యూబెక్టమీలో గర్భాశయం పక్కనున్న గొట్టాలను మాత్రమే మూసివేస్తారు. హార్మోనులు ఊరే అండాశయాలను తీసివేయరు. కాపర్-టిలో హార్మోను లేనే లేదు. అయితే కాపర్-టి వేసిన మొదటి నెలల్లో కొందరికి ముట్టు ఎక్కువగా కావచ్చు. అలా అయితే వచ్చి చూపించుకోవాలి, రక్తం తగ్గకుండా చూసుకోవాలి. ఏ పద్ధతి వాడుతున్నా, ఏదైనా మార్పు కనిపిస్తే మీకు మీరే మానివేయకుండా నర్సమ్మను అడగండి. ఒకటి పడకపోతే మరొకటి ఉంది.

ఇప్పుడు జిడ్డు జుట్టు. తలమీది చర్మంలో చిన్న చిన్న నూనె గ్రంథులు ఉన్నాయి. అవి హార్మోనుల ఆజ్ఞ మీద పనిచేస్తాయి. కొందరికి పుట్టుకతోనే ఎక్కువ ఊరుతుంది. దానికి ఎండ, చెమట, దుమ్ము తోడవుతాయి. పైన మనం రాసే నూనె సరేసరి. దీనికి మన ఇంటి వైద్యం మంచిదే. కుంకుడుకాయలు గింజలు తీసి, వేడి నీళ్లలో నానబెట్టి, పిసికి, వడకట్టి ఆ రసంతో వారానికి రెండు మూడు సార్లు తలంటుకోండి. సీకాయ పొడి అయినా సరే, మామూలు షాంపూ అయినా సరే. రసం కంట్లో పడకుండా చూసుకోండి. జుట్టు బిరుసెక్కితే మందారాకు గాని, నానబెట్టి రుబ్బిన మెంతులు గాని పట్టించి కడిగివేయండి. నిమ్మరసం, తినే సోడా తలకు రుద్దవద్దు. మంట పుడుతుంది. నూనె రాయాలనుకుంటే తలస్నానానికి ఒక గంట ముందు జుట్టు చివళ్లకు రాసి కడిగివేయండి. చుండ్రు ఉన్నవారు రాత్రంతా తలమీద నూనె ఉంచితే చుండ్రు పెరుగుతుంది. దానికి కారణమైన సూక్ష్మజీవికి ఆ జిడ్డే తిండి.

"నెయ్యి, నూనె తింటే తల జిడ్డవుతుంది" అని బాలింతకు చెంచా నెయ్యి కూడా పెట్టని ఇళ్లు ఉన్నాయి. తిన్న నూనె తలలోకి ఎక్కదు. ఫలానా కూర తింటే తల జిడ్డు తగ్గుతుందని కూడా తేలలేదు. కాని తల జిడ్డుతో పాటు ముట్టు నెలనెలా రాకపోవటం, గడ్డం మీద వెంట్రుకలు రావటం, మొటిమలు విపరీతంగా రావటం ఉంటే డాక్టరుకు చూపించాలి. ఏడాది దాటినా జుట్టు ఊడటం ఆగకపోతే కూడా రావాలి. థైరాయిడ్, రక్తం పరీక్ష చేస్తారు.

అయితే తిండికీ జుట్టుకూ, చర్మానికీ సంబంధం లేదా? ఉంది. వెంట్రుక తయారయ్యేదే మాంసకృత్తులతో. రక్తం తక్కువైతే జుట్టు మరింత రాలుతుంది. అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కూడా ఇంచుమించు అంతే. అంటే ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్లలో సగానికి పైగా అన్నమాట. చారల వల్ల ఎవరూ చనిపోరు. రక్తం చాలని తల్లికి కానుపులో కాస్త ఎక్కువ రక్తం పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇలాంటి తల్లికి మనం ఏం పెడుతున్నాం? పథ్యం పేరుతో కారప్పొడి, వెల్లుల్లి, అన్నం. ఆకుకూర చలువ చేస్తుందట, పండు జలుబు చేస్తుందట, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందట! పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకు సుమారు 600 కేలరీల తిండి ఎక్కువ కావాలి. మరి ఆ తిండి కోతపెడితే ఎట్లా? బాలింత అన్నీ తినవచ్చు. మునగాకు, తోటకూర, గోంగూర వండండి. కంది, పెసరపప్పు రెండు పూటలా వేయండి. రాగి సంకటి, జొన్నరొట్టె పెట్టండి. రోజుకో గుడ్డు, దొరికిన రోజు చేప, మజ్జిగ, వేరుశనగలు, నువ్వులు ఇవ్వండి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే గాని, భోజనంతో ఒక జామకాయో, ఉసిరికాయో తింటే గాని అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతో టీ తాగితే అది పట్టదు. గంట ఆగి తాగండి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు తల్లే తినాలి, తల్లే తాగాలి.

ఇనుము మాత్రలు గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కానుపు తర్వాత మరో 180 రోజులు ఉచితంగా ఇస్తారు. వాటివల్ల విరేచనం నల్లగా వస్తుంది. దానికి భయపడి మానవద్దు. కడుపులో తిప్పితే భోజనం చేశాక వేసుకోండి.

ఇంత తిన్నా, ఇన్ని మాత్రలు మింగినా, ఒంటికి కోలుకునే సమయం ఇవ్వకపోతే ఫలితం ఉండదు. చంకలో బిడ్డ నడవక ముందే మళ్లీ కడుపు వస్తే, మొదటి కానుపులో ఖర్చయిన రక్తం పూడక ముందే రెండో బిడ్డకు ఇవ్వాలి. ఒక పంట కోసిన నేలకు ఎరువు వేయకుండా వెంటనే రెండో పంట వేస్తే ఏమవుతుందో రైతులకు నేను చెప్పనక్కరలేదు. కానుపు తర్వాత మళ్లీ గర్భం ధరించటానికి కనీసం 24 నెలలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఆగటానికి దారులు చాలా ఉన్నాయి. భర్త వాడే నిరోధ్ ఉంది. పదేళ్లు పనిచేసే కాపర్-టి ఉంది. మూడు నెలలకొకసారి వేసే అంతర సూది ఉంది. హార్మోను లేని ఛాయ మాత్ర ఉంది. దాన్ని మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు. రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్ర మాత్రం పాలిచ్చే తల్లి బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా వాడకూడదు. ఇక పిల్లలు చాలనుకున్నవారిలో భర్తకు చేసే కోత, కుట్టు లేని వేసెక్టమీ చాలా సులువైనది. బలం తగ్గదు, పనిచేసుకోవచ్చు. అయితే ఆ తర్వాత మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యపరీక్ష చేయించుకోవాలి.

సోదరులారా, చివరగా మీకు ఒక మాట. భార్య పొట్ట మీది చారలు చూసి వేళాకోళం చేయకండి. మీ బిడ్డను మోసినందుకు వచ్చిన గుర్తులవి. "జుట్టంతా పోయి ఇట్లా అయిపోయావేం?" అనే బదులు, ఆమె ఈ పూట ఏం తిన్నదో అడగండి. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు మాన్పించి, మీతో పాటు కూర్చోబెట్టుకుని తినమనండి. పథ్యం విషయంలో అమ్మగారికి కోడలు చెప్పలేదు. మీరే నెమ్మదిగా నచ్చజెప్పాలి. సంతకు పోయినప్పుడు ఆ క్రీము గొట్టానికి పెట్టే డబ్బుతో గుడ్లు, ఆకుకూర, నాలుగు జామకాయలు తెండి.

అమ్మా, మీకూ ఒక మాట. ఈసారి టీకాల రోజున బిడ్డను తీసుకువచ్చినప్పుడు మీ రక్తం కూడా పరీక్ష చేయించుకోండి. గర్భిణికి 11 గ్రాములు, మిగతావారికి 12 గ్రాములు ఉండాలి. తక్కువ ఉంటే వెంటనే మందు మొదలుపెడతారు. రావటానికి మొహమాటం అనిపిస్తే మీ ఊరి ఆశా కార్యకర్తను తోడు తెచ్చుకోండి. ఇద్దరూ కలిసి వస్తే మరీ సంతోషం.