మన ఇంట తయారగు ఉగాది కార్డు
(సంఘ కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వర్తకుడను. రబ్బరు ముద్ర నాకు నిత్యము చేతనుండు వస్తువు. ఆ ముద్రతోనే మన పిల్లలకు తెలుగు అక్షరమును పరిచయము చేయవచ్చునని మనవి చేయుటకే నిలిచితిని.

శుభాకాంక్షల కార్డు మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. విరుదునగర్ జిల్లాలోని శివకాశి ముద్రణాలయములనుండి పొంగల్ కార్డులు తమిళదేశమంతటికిని వెళ్లెడివి. కోవిల్‌పట్టిలో స్థిరపడిన చిత్రకారులు సి. కొండయ్యరాజుగారును (1898–1976), వారి శిష్యులును చిత్రించిన దేవతామూర్తులు శివకాశిలో అచ్చుపడి ఇంటింటి గోడలను అలంకరించినవి. సెల్‌ఫోను వచ్చిన పిమ్మట కార్డుల బేరము తగ్గినది. ఇప్పుడు ఉగాదినాడు ఒకరు పంపిన బొమ్మనే పదిమందికి పంపి ఊరకుందుము. అందు పంపినవారి చేతి గుర్తు లేదు.

కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైచెవల్ గ్రామమున జన్మించిన కు. అళగిరిసామిగారి ‘అన్బళిప్పు’ కథను మీలో పలువురు తమిళమున చదివియుందురు. ఆ పేరి సంపుటమునకు 1970లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. తనకు కానుక రాని బాలుడొకడు తానే డైరీని చూపి, దానిపై తన పేర కానుకయని వ్రాసి ఇమ్మని కోరును. వాడు కోరినది డైరీ కాదు. ప్రేమతో వ్రాసిన తన పేరు.

మన ఇండ్లలో తెలుగు మాట తరతరములుగా నిలిచినది, అక్షరము నిలువలేదు. అవ్వతో తెలుగున ముచ్చటలాడు మనుమడు ఆమె పేరును తెలుగున వ్రాయలేకున్నాడు. బడిలో నేర్చు తమిళము, ఆంగ్లము మనకు అన్నము పెట్టు విద్యలు, వానిని కాదనము. కాని తెలుగు లిపికి ఇంట ఒక పని కల్పింపవలయును. పనిలేని అక్షరము మరపున పడును.

పని సులభము. పలుచని కాగితముపై మెత్తని పెన్సిలుతో ‘ఉగాది’ అని వ్రాయుడు. ఆ వ్రాతను పెన్సిలు గీతలు చెరుపు వెడల్పు రబ్బరుపై బోర్లించి గోటితో రుద్దిన, అక్షరములు తిరుగబడి దిగును. గీత నిలిచి చుట్టును పల్లమగునట్లు చెక్కవలయును. వంపులవద్ద చాకును గాక రబ్బరును త్రిప్పుడు. చాకు పెద్దలచేతనే యుండవలెను. అద్దమున చూచినపుడు పేరు సరిగా కనబడినచో ముద్ర సిద్ధమైనట్లే. ‘ఉగాది’లో ఒత్తులు లేవు గనుక మొదటి ముద్రకు అది అనువు. ‘శుభాకాంక్షలు’ అను మాటను పిల్లలు చేతితోనే వ్రాయవలెను.

బజారున ముద్ర చేయింపరాదా యని అడుగవచ్చును. చేయించిన ముద్ర అందముగానే యుండును. కాని దీర్ఘమెచట, గుడి యెచట అని చెక్కిన చేతికి తెలిసినట్లు కొన్న చేతికి తెలియదు.

ఇక తళుకు రంగు. అందు మెరయునది సామాన్యముగా అభ్రకమే. ఆంధ్రదేశమున గూడూరు ప్రాంతము దానికి ప్రసిద్ధము. రంగులకై అమ్ము అభ్రకపు పొడిని చిటికెడు తీసికొని తుమ్మబంక నీటిలో కలిపిన చాలును. పొడి అడుగునకు దిగును గావున మాటిమాటికి కలుపుచుండవలెను. పిల్లలు దానిని ఊదరాదు, పీల్చరాదు. తెల్ల అట్టకంటె ముదురు రంగు అట్టపై తళుకు బాగుగా తెలియును. ముద్రసిరా తడికి చెదరును; కనుక అక్షరములపై గాక, ప్రక్కన గీసిన మామిడాకుమీదను వేపపూతమీదను పూయుడు.

కవరుమీది చిరునామా తమిళమున గాని ఆంగ్లమున గాని యుండుగాక, అది తపాలావానికొరకు. లోపలి పేరు తెలుగున నుండవలెను, అది మనవారికొరకు. ఏప్రిల్ నెలలో తమిళ సంవత్సరాది వచ్చినపుడు పొరుగు తమిళ సోదరులకు వారి లిపిలోనే ముద్ర చెక్కి పంపుడు. మన అక్షరముపై ప్రేమ, వారి అక్షరముపై గౌరవము ఒకే చేత నిలుచును.

ఇంటికి అయిదు కార్డులు చాలును. మొదటిది అవ్వకో తాతకో చేరవలెనని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.