చెవితో చదివిన పుస్తకాలు



వంట చేస్తున్నా, బస్సులో వెళ్తున్నా మన చెవులు ఖాళీగానే ఉంటాయి. ఆ సమయంలోనే నేను పుస్తకాలు వింటున్నాను. కథలు కావు. వైద్యం, చరిత్ర, చట్టం.

కరోలిన్ క్రియాడో పెరెజ్ ‘ఇన్విజిబుల్ విమెన్’ (2019) ఆమె గొంతులోనే విన్నాను. కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడే అవకాశం స్త్రీలకు 47 శాతం ఎక్కువట. భద్రతా పరీక్షల్లో చాలాకాలం మగవాడి కొలతల బొమ్మనే వాడారు మరి! కానీ అంకెలు చెవిలో నిలవవు. ఇటువంటి పుస్తకం చేతిలో ఉండటమే మేలు.

హెన్రియెట్టా లాక్స్ గురించి రెబెకా స్క్లూట్ రాసిన పుస్తకం (2010) అలా కాదు. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆ నల్లజాతి స్త్రీ కణాలను ఆమె అనుమతి లేకుండా తీసుకున్నారు. వాటితో ప్రపంచమంతా పరిశోధనలు జరిగాయి. కుటుంబానికి మాత్రం ఇరవై ఏళ్లపాటు తెలియదు. పుస్తకాన్ని ఇద్దరు స్త్రీలు చదివారు. ఆ కుటుంబం కోపం, భయం, వెటకారం అచ్చులో కంటే గొంతులోనే నాకు బాగా అందాయి.

మన దగ్గర ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పిన మాటలతోనే తయారైంది. నోటిమాట అచ్చయింది. చదువురాని స్త్రీల దగ్గరికి అది మళ్లీ నోటిమాటగా ఎందుకు వెళ్లకూడదు?

2012 కాపీరైట్ సవరణ వికలాంగుల కోసం పుస్తకాలను శబ్దరూపంలోకి మార్చుకునే వీలు కల్పించింది. అక్షరం రాని స్త్రీకి ఆ వెసులుబాటు లేదు. ఆమెకోసం రచయితనో ప్రచురణకర్తనో అడగాల్సిందే. మన సంఘాలు వేసుకున్న చిన్న పుస్తకాలకు ఆ ఇబ్బంది లేదు. శ్రీకాకుళం యాసలో, పాలమూరు యాసలో చదవగలిగినవాళ్లు మనలోనే ఉన్నారు. 2005 గృహహింస చట్టం మీద మనం వేసిన పుస్తకంతో మొదలుపెడదాం.